పిడికెడు అడుగుమట్టి

పదహారో ఏడు నిండేనాటికి మొండి అనే ఆ పిల్ల చేతిలో ఉన్న సొత్తు ఇంతే: భయమంటే ఏమిటో తెలియని గుండె, తండ్రి నోట తన గురించి వచ్చే మంచిమాట, ఇంటి వెనక లోయలోకి దిగే హక్కు. మూడూ గట్టి సరుకే. వీధిలో మూడింటికీ గిరాకీ ఉంది. ఎదురు కొట్టు ఒకటి వెలుస్తుందని కలలో కూడా అనుకోకపోవడమే ఆమె వ్యాపారంలో ఉన్న లోపం.

మొండి అన్నది ఇంట్లో పెట్టిన పేరు కాదు, వీధి అంటించిన పేరు. ఆ వీధి తాళ్ళు పేనేవాళ్ళది. ప్రతి ఇంటికీ ముందు కొట్టు, మధ్యలో రైలుపెట్టెలా పొడుగాటి పేనుడు సాల, వెనక లోయ. మూటలకూ బళ్ళకూ కట్టే తాడైతే చూసి కొనుక్కుపోతారు, పేచీ లేదు. మనిషిని మోసే తాడుకు మాత్రం పరీక్ష ఉంది. గనిలోకి మనుషులను దించే తాడు కావాలని ఎవరైనా వస్తే, అతని కళ్ళెదుటే ఆ ఇంటి రక్తం ఒకటి ఆ తాడు మీద లోయలోకి దిగాలి. అడుగున మాత్రమే దొరికే నీలంరంగు జిగటమట్టి పిడికెడు తెచ్చి కొనేవాడి అరచేతిలో పెట్టాలి. అప్పుడే బేరం కుదిరినట్టు.

దానికి కట్టుబాట్లున్నాయి. తాడు పేనినవాళ్ళే గుంజ దగ్గర నిలబడి దాన్ని వదలాలి. దిగేవాళ్ళు దిగేముందు తాడును తడిమి చూడకూడదు. తడిమారంటే ఇంటివాళ్ళకే నమ్మకం లేని సరుకని అర్థం, కొనేవాడు చెప్పులేసుకుని వెళ్ళిపోతాడు. గుంజకు వీపు తిప్పి నిలబడి, "పేనిందెవరు?" అని అడగాలి. "నేను" అన్న జవాబు వినాలి. దిగిపోవాలి.

తొమ్మిదేళ్ళప్పటి నుంచి ఆ ఇంట్లో పేనేది తండ్రి, దిగేది మొండి. మొదటిసారి దిగినప్పుడు రాళ్ళు కలవని మట్టి దొరికేదాకా పైకి రానని కింద కూర్చుందట. అలా వచ్చింది పేరు. "మా అమ్మాయి దిగిందంటే తాడు గురించి అడగక్కర్లేదు" అని తండ్రి కొట్టుకొచ్చిన ప్రతివాడితో అనేవాడు. ఆ ఒక్క మాట మీద ఆమె ఏడేళ్ళు బతికింది.

ఆ ఏడు మేనత్త పోయింది. మేనత్త కూతురు చిన్న మూటతో గుమ్మంలో దిగింది. పద్నాలుగేళ్ళ పిల్ల, పుల్లల్లాంటి చేతులు, మొహం నిండా కళ్ళు. పిచ్చుక అని పిలిచేవారట, ఇక్కడా అదే అయింది.

"చూడవే, నీకో మరదలు దొరికింది. ఇన్నాళ్ళూ పోట్లాడటానికి ఎవరూ లేక గోడలతో పోట్లాడావు" అంది తల్లి.

మొండి ఆ పిల్లను కిందనుంచి పైదాకా చూసింది. "దీనితోనా? ఊదితే ఎగిరిపోయేలా ఉంది."

"తలుపేసి ఊదు వదినా. లేకపోతే మళ్ళీ నువ్వే వెతుక్కోవాలి" అంది పిచ్చుక.

తండ్రి పకపకా నవ్వాడు. చెల్లెలు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. ఇన్నాళ్ళు తను ఎంత ప్రయత్నించినా రాని నవ్వు, ఇది చెప్పులు విప్పకుండానే రాబట్టిందే అనుకుంది మొండి. అక్కడ రేగింది మొదటి మంట.

మూడు నెలలు తిరక్కుండా తండ్రి ఆమెను సాలలోకి పిలిచాడు. ఆయన కుడిభుజం అరిగిపోయింది, పొద్దున్నే చొక్కా తొడుక్కోవడానికి కూడా తల్లి సాయం కావాలి.

"అమ్మడూ, ఇకమీదట దిమ్మ నువ్వు పట్టు" అన్నాడు.

దిమ్మ అంటే మూడు గాడులు చెక్కిన కొయ్యముక్క. ఒక చివర ఒకరు చక్రం తిప్పుతుంటే, మూడు నారపురులూ ఆ మూడు గాడుల్లోంచి వచ్చి దిమ్మ వెనక ఒక్క తాడుగా అల్లుకుంటాయి. దాన్ని పట్టుకుని సాల ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచే మనిషి చేతిలోనే తాడు ప్రాణం ఉంటుంది. తండ్రి లెక్కలో అది కొట్టు తాళం చేతికివ్వడంతో సమానం.

మొండికి అది వినపడలేదు. ఆమెకు వినపడింది వేరు. "మరి దిగడం?"

"పిచ్చుక దిగుతుంది. నా చెల్లెలి బిడ్డ, రక్తానికి లోటు లేదు. నువ్వు మనిషివయ్యావు కదమ్మా."

"లావయ్యానని చెప్పు నాన్నా, పోనీ."

"అదిగో, మొదలుపెట్టింది" అన్నాడు తండ్రి నవ్వుతూ. ఆయనకది పరాచికం. ఆమెకు కాదు.

పిచ్చుక మొదటిసారి దిగిన రోజు వీధి వీధంతా వచ్చింది. ఆ పిల్ల వణికింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. "పేనిందెవరు?" అన్న మాట గొంతులో సగమే వచ్చింది. "నేను" అంది మొండి గుంజ దగ్గరనుంచి, అరువడిగినవాళ్ళకు లేదని చెప్పినట్టు. పిచ్చుక ఏడుస్తూనే దిగింది, ఏడుస్తూనే మట్టి తెచ్చింది. ఆడవాళ్ళు ఆ పిల్లను పొదువుకున్నారు. "భయపడుతూ కూడా దిగింది చూడు, గుండెంటే అదీ!" అన్నారు. తల్లి వేడివేడి పాలు తెచ్చి తాగించింది. తండ్రి తన కండువాతో ఆ పిల్ల మొహం తుడిచాడు.

మొండి గుంజకు ఆనుకుని నిలబడిపోయింది. ఏడేళ్ళు తను నవ్వుతూ దిగింది. ఎవరూ పాలు తేలేదు. భయం లేకపోతే ధైర్యానికి ధర పలకదన్న మాట! గిరాకీ తెలియక తను ఇన్నాళ్ళూ సరుకు ఊరికే పంచిపెట్టింది.

అప్పటినుంచి ఆమె కళ్ళు తూకం తప్పాయి. పిచ్చుకకు కంచంలో పడ్డ ముద్దను చూసేది. తండ్రి ఎవరిని ముందు పిలిచాడో వినేది. పిచ్చుక మాత్రం "వదినా, జడ వెయ్యవా?" అంటూ వచ్చి కూర్చునేది. లాగి లాగి వేసేది మొండి. "జడ వేస్తున్నావా, తాడు పేనుతున్నావా?" అనేది పిచ్చుక. నవ్వొచ్చేది, మింగేసేది. నవ్వితే ఆ మేరకు తన పక్క తగ్గినట్టే.

వానలు వెలిశాక గని మేస్త్రీ పెద్ద పని తెచ్చాడు. కొత్తగా తవ్విన బావిలోకి పనివాళ్ళను దించడానికి తాడు. అంత పొడుగు తాడు ఆ ఇంట్లో అంతకుముందు పేనలేదు.

మొండి దిమ్మ పట్టుకుని నడుస్తోంది. చక్రం తిరుగుతోంది. సాల చివర తండ్రి పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని రెండు తాళ్ళను ముడి లేకుండా కలిపే అతుకు నేర్పుతున్నాడు. ఆ అతుకు ఆయన తన తండ్రి దగ్గర నేర్చుకున్నది. మొండికి నేర్పుతానని రెండేళ్ళుగా అంటున్నాడు. "ఇదిగో, ఇలా దూర్చు. ఆఁ! చెల్లి వేళ్ళే వచ్చాయి నీకు" అంటున్నాడు.

మొండి చూపు అటే ఉండిపోయింది. చేతిలో దిమ్మ ఒరిగింది. చూసుకునేసరికి ఒక పురి వదులైపోయి ఉంది, బారెడు మేర. పైకి మూడు పురుల తాడు, లోపల బరువు మోసేవి రెండే.

అలాంటప్పుడు "ఆపు!" అని కేకెయ్యాలి. చక్రం వెనక్కి తిప్పించి, విప్పి, మళ్ళీ పేనాలి. తప్పు జరగడం సిగ్గు కాదు, ఆయన పేనిన రోజుల్లో ఎన్నిసార్లో ఆపించాడు. కాని ఇప్పుడు ఆపితే ఆయన లేచి వస్తాడు. వెనకాలే ఆ పిల్ల వస్తుంది. ఆ పెద్ద కళ్ళతో చూస్తుంది.

మొండి తడిగుడ్డ తీసుకుంది. వదులు పురిని అరచేత్తో నొక్కి, రుద్ది, పక్క పురుల్లో కలిపేసింది. నడిచింది. సాయంత్రం నాన్నకు విడిగా చెబుదాంలే అనుకుంది.

సాయంత్రం అన్నాల దగ్గర తండ్రి తల్లితో అన్నాడు, "పిచ్చుక చేతిలో పనుందే. ఏడాది తిరిగేసరికి దిమ్మ కూడా పడుతుంది చూడు."

మొండి నోరు అక్కడ మూతపడింది. ఆ పిల్ల బరువెంత? పిడికెడు. రెండు పురులు చాలు. మేస్త్రీ తీసుకెళ్ళేలోపు ఏదో వంక చెప్పి ఆ బారెడూ విప్పి సరిచేస్తాను. ఇలా తనకు తానే వాయిదా రాసుకుంది. వాయిదా రాసినవాడికీ పుచ్చుకున్నవాడికీ సంతకం ఒకటే అయితే ఆ కాగితం దేనికి పనికొస్తుందో కొట్టు పెట్టిన ప్రతివాడికీ తెలుసు.

మేస్త్రీ అన్న రోజుకు రెండు రోజుల ముందే వచ్చాడు, తన మనుషులిద్దరితో. "బావి తయారైపోయింది షావుకారూ, తాడు కోసం చేతులు ముడుచుకుని కూర్చున్నాం" అన్నాడు. మరుక్షణం అందరూ లోయ అంచున ఉన్నారు. పిచ్చుక నడుముకు ముడి పడింది. గుంజ చుట్టూ తాడు చుట్టి మొండి నిలబడింది. ఆ పిల్ల వీపు తిప్పింది.

"పేనిందెవరు?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. మొండికి అది తెలుసు. మేస్త్రీ ముందా? నాన్న ముందా? ఆ పిల్ల ముందా?

"నేను" అంది.

పిచ్చుక దిగింది. ఈమధ్య ఏడవడం మానేసింది, కళ్ళు మాత్రం మూసుకుంటుంది. తాడు మొండి అరచేతుల్లోంచి జారుతూ గుంజ చుట్టూ తిరిగి, అంచురాయి మీదుగా కిందికి పోతోంది. చాలాసేపు బాగానే పోయింది. తరువాత ఆ బారెడు మేర చేతికి వచ్చింది. వేళ్ళకు తెలిసింది. ఇక్కడే ఆపాలి అనుకునేలోపే వేళ్ళు దాన్ని వదిలేశాయి. అది గుంజ దాటింది, అంచురాయి ఎక్కింది. బరువు పడగానే వదులు పురి పాములా ఉబ్బి పైకి లేచింది. మిగతా రెండూ రాయికి ఒరుసుకున్నాయి. ఒకదాని నార చిట్లి, పోగులు నిక్కపొడుచుకున్నాయి.

మొండి తాడును గుంజకు బిగించి పట్టుకుని అరిచింది, "నాన్నా! తాడు చెడ్డది! పురి వదిలింది, నేనే వదిలాను. లాగకండి! లాగితే మళ్ళీ రాయి మీదే పడుతుంది!"

మేస్త్రీ ముందు తేరుకున్నాడు. తన మనుషులతో ఆ గుంజ దగ్గర తాడు పట్టించి, అంచురాయి మీద తాడు కింద గోనెలు తోయించాడు. తండ్రి సాల గోడ మీదున్న తన పాత తాడు దించాడు. ఆయన వయసులో ఉండగా పేనింది, అమ్మకానికి కాదు. దాన్ని పక్కనున్న రెండో గుంజకు చుట్టాడు.

"నేను దిగుతాను" అంది మొండి.

ఆయన ఆమె మొహంలోకి చూడలేదు. తాడు కొస ఆమె ముందు పడేశాడు. నడుముకు కట్టుకుంటుంటే ఆమె చెయ్యి తెలియకుండానే తాడు మీదికి పోయింది. ఉలిక్కిపడి వెనక్కి తీసుకుంది.

"తడుముకోవే. ఇవాళ బేరం లేదుగా" అన్నాడు.

చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. ఆమె తడమలేదు. దిగింది.

పిచ్చుక గోడకు అతుక్కుని వేలాడుతోంది. కళ్ళు మూసే ఉన్నాయి.

"వదినా, నువ్వేనా?"

"నేనే. విను, తాడు..."

"విన్నాను. పైన అరిస్తే లోయలో బాగా వినబడుతుంది." పిచ్చుక పెదాలు తెల్లబడ్డాయి. "కావాలనే చేశావా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. వినేవాళ్ళు లేరు. కాని బరువు మోసే చోట తూకం తప్పించడం ఒకసారి చేసి చూసింది.

"చేసేటప్పుడు కావాలని కాదు. చెప్పకపోవడం కావాలనే."

పైనుంచి చిట్లిన పోగు ఒకటి రాలి ఇద్దరి మధ్యనుంచి కిందికి పోయింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"నా మెడ చుట్టూ ఒక చెయ్యి వెయ్యి. రెండో చేత్తో నీ నడుం ముడి విప్పు, అది అడ్డంగా ఉంటే ఇంకో కట్టు పడదు. నేను పట్టుకుంటాను. తరువాత ఈ తాడు నీకు చుడతాను."

"నీ మాట మీద?"

"నా మాట మీదే. ఇక్కడ ఇంకోటి లేదు."

పిచ్చుక కళ్ళు తెరిచింది. కిందికి చూడలేదు, మొండి మొహంలోకే చూసింది. "ఇంకో వదిన కూడా లేదులే నాకు" అని ముడి మీద చెయ్యి వేసింది.

ముడి ఊడిన ఆ క్షణం పిచ్చుక బరువంతా మొండి ఎడమచేతి మీద పడింది. పిడికెడు అనుకున్న పిల్ల! లోకం మొత్తం ఎత్తినట్టుంది. ఏడేళ్ళలో లేనిది, మొండికి మోకాళ్ళలోంచి ఏదో చల్లగా పైకి పాకింది. ఇదేనా వీళ్ళంతా భయం భయం అనేది? ఇదేనా ఈ పిల్ల దిగిన ప్రతిసారీ కడుపులో పెట్టుకుని దిగింది? పళ్ళు బిగించి తాడు చుట్టింది, ముడి వేసింది, లాగి చూసింది, మళ్ళీ లాగి చూసింది.

"నాన్నా, కిందికి వదులు! ఇద్దర్నీ పైకి లాగే భుజం కాదు నీది!"

అడుగున నీలంమట్టిలో ఇద్దరూ కూలబడ్డారు.

"నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది" అంది మొండి.

"నాకు మండలేదనుకున్నావా?" పిచ్చుక ముక్కు తుడుచుకుంది, మొహం నీలమైంది. "నీకు అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు. భయం లేదు. అందరూ నీ కథలే చెప్పేవాళ్ళు, మీ వదిన నవ్వుతూ దిగేది తెలుసా, నువ్వేంటే ఏడుస్తావ్ అని. పాలు ఎందుకు తాగించారో తెలుసా? మళ్ళీ దిగనంటానేమోనని."

ఒకే సరుకును రెండు కొట్లలో ఎదుటివాడిదే ఎక్కువ అనుకుంటూ ఇద్దరూ నష్టానికి అమ్ముకున్నారన్న మాట.

"మరి చెప్పవేం?"

"నువ్వు చెప్పావా?" అంది పిచ్చుక. లేచి పిడికెడు మట్టి తీసుకుంది.

"అదెందుకే?"

"అలవాటు."

పాత తాడు మీదే ఒకరి తరువాత ఒకరు పైకి వచ్చారు. పిచ్చుక మట్టిపిడికిలి చాపింది. మేస్త్రీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఈ మట్టి ఏ తాడుదమ్మా?"

"పాతదానిది. అది అమ్మకానికి లేదు" అన్నాడు తండ్రి. కొత్త తాడును గుంజ దగ్గరనుంచి మొదలుపెట్టి కత్తితో మూరెడేసి ముక్కలు కోశాడు, పశువుల పలుపులకు కూడా పనికిరాకుండా. కోసినంతసేపూ మేస్త్రీ నిలబడి చూశాడు.

"వచ్చే నెల వస్తాను షావుకారూ. కొంటానని కాదు, వస్తానని" అన్నాడు.

తండ్రి మొండితో మాట్లాడటం మానేశాడు. తల్లి మాట్లాడేది కాని, ఆ మాటలకంటే మౌనమే చవక. "అసూయకు అన్నం పెట్టి పెంచానమ్మా, ఇంతింత ముద్దలు!" అనేది. పైగా ఇద్దరి బరువు మోసిన ఆ రోజుతో తండ్రి భుజం పూర్తిగా పడిపోయింది. మొండి పేనిన తాడును ఇప్పట్లో ఎవరూ నమ్మరు, దిమ్మ పట్టాలంటే పిచ్చుకే పట్టాలి. పిచ్చుకకు నేర్పాలంటే ఇంట్లో ఆ విద్య చేతిలో ఉన్నది మొండి ఒక్కతే. తన చోటును తన చేత్తోనే తుడిచి, పీట వేసి, ఎదుటిదాన్ని కూర్చోబెట్టాలి. చేదు మందే. తాగింది.

"వేళ్ళతో చూడు, కళ్ళతో కాదు. పురి బిగువు తగ్గితే బొటనవేలికి ముందు తెలుస్తుంది" అని చెప్పేది. పిచ్చుక చీటికీ మాటికీ చక్రం ఆపించేది. "ఇలా ఆపితే తాడు మన మనవరాళ్ళ పెళ్ళికి అందుతుంది" అని మొండి విసుక్కునేది. "అందితే చాలు వదినా, తెగకుండా" అనేది ఆ పిల్ల.

మేస్త్రీ అన్నమాట ప్రకారం వచ్చాడు. పేనింది పిచ్చుక కాబట్టి గుంజ దగ్గర పిచ్చుక నిలబడాలి. ఇక దిగడానికి ఇంటి రక్తం మిగిలింది ఒక్కటే. మొండి వచ్చి నిలబడింది. కోరుకున్న చోటు తిరిగొచ్చింది, కాని మోకాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆ సంగతి వీధంతా చూసింది. వీపు తిప్పింది.

"పేనిందెవరు?"

వెనక జవాబు లేదు. మొండి వెనక్కి తిరగకుండానే అరిచింది.

"చెప్పవే, నీ మొహం మండా!"

"ఎవరైతేనేం వదినా, జడంత గట్టిగా ఉంది. నేనే" అంది పిచ్చుక. మేస్త్రీ మనుషులు గట్టిగా నవ్వారు. కట్టుబాటులో లేని మాట అన్నందుకు తల్లి ఆ పిల్లకు ఒకటి అంటించబోయింది, తండ్రి చెయ్యెత్తి ఆపాడు.

మొండి కళ్ళు మూసుకుని దిగింది. నవ్వలేదు. మట్టి తెచ్చి మేస్త్రీ చేతిలో పెడుతుంటే సగం మట్టి అతని చెప్పుల మీద పడింది. అతను చేతిలో మిగిలినదాన్ని నలిపి చూసి, తాడు చుట్ట భుజానికెత్తుకున్నాడు.

పాలు ఎవరూ తేలేదు. తండ్రి దగ్గరికొచ్చి, కండువా ఇచ్చి, "తుడుచుకో" అన్నాడు. తరువాత అతుకు నేర్పడానికి ఇద్దర్నీ రమ్మన్నాడు.

ఇక చివరి లెక్క. భయంలేని గుండె పోయింది, తిరిగి రాదు. తండ్రి మాట మళ్ళీ మొదలైంది గాని, ఇప్పుడది "మా అమ్మాయిలు" అని వస్తుంది, అంటే సగానికి సగం. లోయ మీద హక్కు, దిమ్మతో పాటు, వంతులవారీ అయింది. ఇవి పోగా చేతికొచ్చినవి: ప్రతి పురినీ రెండుసార్లు తడిమేలా చేసే భయం ఒకటి, వెనక ఉంటే నిశ్చింతగా వీపు తిప్పి నిలబడగల మనిషి ఒకరు. అసూయ మాత్రం పూర్తిగా చెల్లుకాలేదు. సాల చివర తండ్రి, పిచ్చుక కలిసి నవ్వితే మొండికి ఇప్పటికీ మండుతుంది. కాకపోతే ఇప్పుడు ముందు చక్రం ఆపిస్తుంది, ఆ తరువాతే తీరిగ్గా కుళ్ళుకుంటుంది.